గృహ కూడికలో వాక్యం చెప్తుంటే ఎవరూ నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

అందరికీ వందనాలండి. నేను పాస్టర్‌ని కాను, బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు, మొబైల్ షాపులో పని. మా వీధిలో బుధవారం రాత్రి 7:30 నుంచి 8:30 దాకా జరిగే కూడికలో వాక్యం చెప్పమని సంఘ పెద్దలు నాకు అప్పగించి 3 నెలలైంది. వచ్చేది 9 మంది: చదవడం రాని మామ్మలు ఇద్దరు, ఇంటర్ కుర్రాళ్లు ముగ్గురు, మిగతావాళ్లు గృహిణులు.

మార్కు సువార్త వారానికో అధ్యాయం చొప్పున మొదలుపెట్టాను. నేను 40 నిమిషాలు మాట్లాడితే కుర్రాళ్లు ఫోన్లు చూసుకున్నారు. సరే అని ప్రశ్నలు అడిగితే నిశ్శబ్దం, అందరూ చాప వైపు చూస్తారు. మన పాత బైబిల్ అనువాదంలో 'సుంకరి' (పన్ను వసూలు చేసేవాడు) అంటే ఏంటని ఒక కుర్రాణ్ణి అడిగితే 'సుంకర వాళ్లింటి పేరా అన్నా?' అన్నాడు, నవ్వొచ్చింది కానీ నిజంగా అర్థం కావట్లేదని అప్పుడే తెలిసింది. వాడుక భాష బైబిల్ తెచ్చాను, ఆడియో కూడా పెట్టాను, కాస్త నయం, మాటలు మాత్రం లేవు.

ఒక్కసారే మాట్లాడారు. 2వ అధ్యాయంలో పక్షవాయువు ఉన్నవాణ్ణి నలుగురు ఇంటికప్పు విప్పి దించే చోట ఒక మామ్మ 'ఆ కప్పు మళ్లీ ఎవరు కప్పించారయ్యా?' అంది, పావుగంట అందరూ మాట్లాడారు! తర్వాతి వారం అలాంటి ప్రశ్నలే తయారుచేసుకుని వెళ్లాను, పని చేయలేదు.

ఇలా చదువు రానివాళ్లూ కుర్రాళ్లూ కలిసిన కూడిక నడిపినవాళ్లు చెప్పండి, వాళ్లంతట వాళ్లే మాట్లాడేలా మీరు మొదటి 10 నిమిషాల్లో ఏం చేస్తారు?