చదువు రోజూ రేపటికే పోతోంది: తప్పు ఫోన్‌దా, భయందా?

మెతుకుసీమ: తెలంగాణ గ్రూప్-2కి చదువుతున్నాను. పొద్దున్నే స్టడీ హాల్‌లో కూర్చుంటాను, చరిత్ర తీస్తాను. శాతవాహనులు, ఇక్ష్వాకులు, విష్ణుకుండినులు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మూడో పేపర్ ఎకానమీ మాత్రం ‘రేపు చూద్దాం’ దగ్గరే ఆగిపోయింది. ఫోన్ పక్కన పడేస్తే అన్నీ సర్దుకుంటాయని రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?

లైబ్రరీ మూల: నూటికి నూరుపాళ్లు నిజం. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో రోజూ చూస్తున్నాను. పుస్తకం తెరుస్తారు, కాసేపటికి టెలిగ్రామ్ తెరుస్తారు. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ కోసమే అంటారు. దించుకున్న పీడీఎఫ్‌లలో చదివినవి ఎన్నో గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి. స్మార్ట్‌ఫోన్ ఊళ్లో ఇచ్చేసి రా తమ్ముడూ, బటన్ ఫోన్ చాలు.

కరీంనగర్ అక్క: చరిత్ర చదివేటప్పుడు ఫోన్ ఈ తమ్ముడి పక్కన లేదా అండీ? అప్పుడు అడ్డురానిది ఎకానమీకే ఎందుకొస్తుంది? వచ్చిన సబ్జెక్టే మళ్లీ మళ్లీ చదివితే చదువుతున్నట్టే ఉంటుంది, భయపడే సబ్జెక్టు జోలికి పోనక్కర్లేదు. మూడు రంగుల పెన్నులతో నోట్స్ రాసుకోవడమూ అలాంటిదే. తమ్ముడూ, చాప్టర్ చదవడం పక్కన పెట్టు. పాత ప్రశ్నపత్రంలో మూడో పేపర్ తీసి ఇరవై బిట్లు పెట్టు. తప్పులొస్తాయి, రానీ. ఏ బిట్ తప్పయిందో పుస్తకంలో ఆ పేజీకి వెళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలా అనే బెంగ ఉండదు.

గోదారి గట్టు: మా ఏపీ గ్రూప్-2లో మైనస్ మార్కులున్నాయి. గుడ్డిగా బిట్లు పెట్టడం అలవాటైతే మునిగిపోతాం.

కరీంనగర్ అక్క: ఇంట్లో ప్రాక్టీస్‌కి మైనస్ మార్కులెవరు వేస్తారండీ?

లైబ్రరీ మూల: పునాది లేకుండా బిట్లేంటి? జీఎస్‌డీపీ (రాష్ట్ర స్థూల ఉత్పత్తి) అంటే తెలియనివాడు ఇరవై తప్పులు చూసుకుంటే ఉన్న ధైర్యం కూడా పోతుంది. ఇంతకీ ఒక్కటి చెప్పండి. ఫోన్ వల్ల నష్టం ఉందా లేదా?

కరీంనగర్ అక్క: ఉంది. కానీ అది రెండో సంగతి.

లైబ్రరీ మూల: రెండో సంగతి కాదు, అదే అసలు సంగతి. ఇంట్లో కూర్చుని తీరిక దొరికినప్పుడు చదివేవాళ్లకు ఆ తేడా తెలియదు. రూమ్ అద్దె, మెస్ బిల్లు కట్టుకుంటూ ఇక్కడుంటే తెలుస్తుంది.

కరీంనగర్ అక్క: తీరికా? పగలంతా ప్రైవేట్ స్కూల్లో పాఠాలు చెప్పి, వంట చేసి, బాబు పడుకున్నాక పుస్తకం పడతాను. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబరుకు పోయింది. ఆ తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. ఆ ఆగస్టు కోసం జీతం వదులుకుని సెలవు పెట్టాను. జులైలో అభ్యర్థులు వాయిదా వేయాలని హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రోడ్డెక్కారు, పరీక్ష డిసెంబరు 15, 16కి పోయింది. డిసెంబరులో మా స్కూల్ వాళ్లు సెలవివ్వలేదు. రోడ్డెక్కినవాళ్లలో మీరున్నారా?

పాలమూరు: టాపిక్ ఎకానమీ కదా, ఎటు పోతోంది?

లైబ్రరీ మూల: ఉన్నాను, దాచేదేముంది? నాది బీఎడ్. డీఎస్సీ, అంటే టీచర్ పోస్టుల పరీక్ష, జులై 18 నుంచి ఆగస్టు 5 దాకా. గ్రూప్-2 ఆగస్టు 7, 8. సిలబస్ దేనికది వేరు. మధ్యలో దొరికేది ఒక్క రోజు. నెల రోజులు డీఎస్సీకి చదివినవాడు నాలుగు పేపర్ల గ్రూప్-2ని ఆ ఒక్క రోజులో తిరగేస్తాడా? డీఎస్సీ ఆపమన్నాం, ఆపలేదు. గ్రూప్-2 అయినా వెనక్కి జరిపారు. మీకు సెలవు పోయిందని నేను రెండు పరీక్షల్లో ఒకటి వదులుకోవాలా?

కరీంనగర్ అక్క: మీ ఇబ్బంది అబద్ధమని నేననలేదు. ఈ తమ్ముడు ఎకానమీ రేపు రేపు అని ఎందుకు తోస్తున్నాడన్నదే కదా ప్రశ్న. పరీక్ష తేదీ ఇన్నిసార్లు మారితే, వచ్చే తేదీని ఎవరు నమ్ముతారు? వయోపరిమితి కూడా 2024లో 46కి పెంచారు. ఇంకా టైముంది లే అని మనసు వాయిదాలకు అలవాటుపడిపోయింది. బటన్ ఫోన్ కొంటే ఆ అలవాటు పోతుందా?

మెతుకుసీమ: అక్కా, బిట్లు పెట్టాను. తప్పయినవాటిలో ఎక్కువ భూసంస్కరణలవే. ఆ చాప్టర్ తీశాను.

లైబ్రరీ మూల: మంచిది తమ్ముడూ. ఫోన్ ఎక్కడుంది?

కరీంనగర్ అక్క: తమ్ముడి ఫోన్ సంగతి వదిలేయండి. నా ప్రశ్నకు జవాబివ్వండి. కొత్త నోటిఫికేషన్ వచ్చి తేదీ ప్రకటించాక మళ్లీ వాయిదా అడుగుతారా?

లైబ్రరీ మూల: రెండు పరీక్షలు ఇలాగే పక్కపక్కన పెడితే అడుగుతాను.

కరీంనగర్ అక్క: అయితే ఈసారి వాయిదా వద్దని మేమూ వస్తాం.