గంగది ‘కదలని గతి’యా, ‘కలగని గతి’యా?

నీటిమట్టం:
ఏటి ఉపరితలాన్ని చూసి వడినీ లోతునూ అంచనా వేయడం గురించి వ్యాసం రాస్తున్నాను. వేమన పద్యంతో మొదలుపెడదామంటే తొలి పాదం దగ్గరే కలం ఆగింది. ‘గంగ పాఱు నెపుడు కదలని గతితోడ / ముఱికివాగు పాఱు మ్రోతతోడ’ అని నోటికి వస్తోంది. పారే నదికి కదలని గతి ఎలా కుదురుతుంది? ‘కలగని’, అంటే కలక లేని, అని విన్నట్టు కూడా ఉంది. ఏది సరైన పాఠం?

ఆటవెలది:
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. కదలని, కలగని రెండూ నలమే, అంటే నాలుగు లఘువుల గణమే. గ–క యతి రెండింటికీ చెల్లుతుంది. ‘పాఱుచుండు గదలని’ అనే పాఠం కూడా ఉంది. ‘నెపుడు’ న గణం (మూడు లఘువులు), ‘చుండు’ హ గణం (గురువు, లఘువు), ఆ చోట రావలసిన సూర్యగణాలు ఈ రెండే. నేను మాత్రం కదలని పక్షమే. కింది పాదంలోని మురికికి జోడు కోసం ఎవరో ‘కలగని’ అని దిద్ది ఉంటారు.

పాతపుస్తకం:
మురికికి కాదు, మ్రోతకు జోడు వెతకాలి. మోత లేకపోవడమే కదలకపోవడం. పైగా గతి అంటే గమనమే కానక్కరలేదు, విధం కూడా. ‘కదలని విధంగా పారుతుంది’ అంటే చిక్కు విడిపోతుంది.

నీటిమట్టం:
పాతపుస్తకం గారూ, గతిని విధం చేస్తే పద్యంలో ఉన్న చూపు పోతుంది. లోతు ఎక్కువైన చోట అడుగున ఉన్న రాళ్ల అలజడి పైదాకా రాదు, అందుకే ఉపరితలం కదలనట్టు కనిపిస్తుంది. కానీ వెడల్పు, లోతు, సగటు వేగం మూడింటినీ గుణిస్తేనే ప్రవాహ పరిమాణం. కాబట్టి మెల్లగా కనిపించే నదే ఎక్కువ నీటిని మోస్తూ ఉండవచ్చు. ఒక కర్రముక్క వేసి, కొలిచిన దూరం దాటడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఆ పైవేగంలో సుమారు 0.85 వంతు, పైనుంచి అడుగుదాకా సగటు వేగం. వాగులో రాయి మునిగి ఉంటే నీరు సరిగ్గా దాని మీద కాక, కాస్త దిగువన ఉబుకుతుంది. ఒకేచోట నిలిచిన అలల శిఖరాల మధ్య 2 మీటర్లు ఉంటే, నీరు మరీ పలచగా లేనిచోట, సెకనుకు దాదాపు 1.8 మీటర్ల వడి అని లెక్క. ఇవన్నీ ‘కదిలే’ గుర్తులే. గంగ దగ్గర అవి లేవనే వేమన అంటున్నాడు.

ఆటవెలది:
‘వాగు’ ఎంపిక కూడా చూడండి. ‘ముఱికియేరు’ అన్నా గణం చెడదు. కానీ వాగడం అనే క్రియ ఆ మాటలో దాగి ఉంది. మ్రోత దానికి సహజంగా అమరింది, ము–మ్రో యతి సరేసరి. ఒక్క అక్షరం కూడా వృథా చేయని కవి!

పాతపుస్తకం:
గంగ ప్రస్తావన వచ్చింది కాబట్టి పోతనను వదలలేను. ‘నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు / రాయంచ సనునె తరంగిణులకు’. మందాకిని అంటే గంగే. అక్కడ గంగకు వీచికలు, అంటే అలలు, ఉన్నాయి, హంస వాటి మీద తూగుతోంది. మామూలు నదులను మాత్రం ‘తరంగిణులు’ అన్నాడు, పేరులోనే తరంగం ఉంది. చిన్న అలలు గంగకు, పెద్ద అలలు తక్కిన వాటికి. వేమన చెప్పిందీ ఇదే కదా!

ఆటవెలది:
అమరకోశమనే సంస్కృత నిఘంటువులో తరంగం, వీచి పర్యాయపదాలే. ఆ తేడా మీరు కల్పించింది.

పాతపుస్తకం:
పర్యాయపదాలైనంత మాత్రాన పోతన చెవికి ఒకటే కావు. ‘తూఁగు’ చూడండి. విరిగిపడే అల మీద హంస తూగదు, ఉయ్యాలలా లేపి దించే అల కావాలి. అలాంటి అలకు కింద లోతు ఉండాలి. నీటిమట్టం గారు ఒప్పుకుంటారనుకుంటాను.

నీటిమట్టం:
సగం ఒప్పుకుంటాను. లోతు చాలని చోట అల విరుగుతుంది, అది నిజం. కానీ తూగే అలను గాలి కూడా పుట్టిస్తుంది, అది ప్రవాహపు గుర్తు కాదు. పోతన హంసను ఊపుతున్నది గాలా, నీటి వడా?

ఆటవెలది:
‘నిర్మల’ అన్నాడు కదా. అడుగు కనిపించే నీటిని చూసి లోతు తక్కువని మోసపోతాం. ఆ సంగతి కూడా మీ వ్యాసంలో రావాలి.

పాతపుస్తకం:
నిర్మలం అంటే కలగనిది. చూశారా, మళ్లీ ‘కలగని’ దగ్గరకే వచ్చాం! ఇప్పుడు నాకు ఆ పాఠం మీదే మనసు పోతోంది.