క్యాంపర్ రూఫ్ లీక్: సిలికాన్ పూశాక కూడా మళ్ళీ అదే చోట నీళ్ళు

ప్రశ్న (ఇరుసుబండి):
అందరికీ నమస్కారం. మాది పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే క్యాంపర్ బండి), పైన ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు షీటు పరిచిన రూఫ్. వాన గట్టిగా పడినప్పుడల్లా మంచం మీద, సరిగ్గా దిండు పెట్టుకునే చోట టప్ టప్ మని చుక్కలు పడుతున్నాయి. పైకెక్కి చూస్తే ఆ చోట చిల్లు లేదు, పగులు లేదు. దగ్గర్లో ఉన్నది వెంట్ (గాలి ఆడడానికి రూఫ్‌లో పెట్టిన కంత) ఒక్కటే కాబట్టి దాని చుట్టూ బాత్రూమ్ సిలికాన్ ట్యూబ్ మొత్తం పిండేశాను. రెండు వానలు ఆగింది, మూడో వానకి మళ్ళీ మొదలు. ఇప్పుడు సీలింగ్ మీద అరచెయ్యంత టీ రంగు మచ్చ. రూఫ్ అంతా కోటింగ్ కొట్టేస్తే పీడా పోతుందా?

పాతస్క్రూ:
కోటింగ్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. చుక్క పడే చోటు వేరు, నీళ్ళు దూరే చోటు వేరు. రబ్బరు కిందికి దూరిన నీళ్ళు ప్లైవుడ్ మీదుగానో వైరు వెంటో పల్లానికి జారి, ఏదో ఒక స్క్రూ కన్నం దొరికితే అక్కడ దిగుతాయి. నా బండికి ముందు మూలలో లీకైతే తడిసింది మాత్రం వెనక అల్మారా, ఎందుకంటే ముక్కు కాస్త ఎత్తుగా పెట్టి పార్క్ చేశాను.
ఎండ ఉన్న రోజు నీళ్ళ గొట్టంతో పరీక్ష పెట్టండి. కింది నుంచి పైకి రావాలి: ముందు కిటికీ అంచులు, తర్వాత మూల పట్టీలు, చివర్న రూఫ్. ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు వదలండి, లోపల ఇంకొకరు టార్చితో కూర్చోవాలి. అంతా ఒకేసారి తడిపేస్తే ఏమీ తేలదు. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, బాగున్న అతుకులోకి కూడా నీళ్ళు కొడుతుంది.

రబ్బరుటోపీ:
ఆ సిలికాన్ ముందు తీసేయండి బ్రదర్, తర్వాత దాని మీద ఇంకేదీ అతుక్కోదు. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఓపిగ్గా గీకాలి. పెట్రోలు, థిన్నర్ లాంటివి తగిలితే ఈపీడీఎం ఉబ్బిపోతుంది, కాబట్టి ఏ క్లీనరైనా రబ్బరు రూఫ్‌కి పనికొస్తుందని డబ్బా మీద ఉంటేనే కొనండి. వెంట్ అంచు కింద బ్యుటైల్ టేప్ (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ), పైన స్క్రూ తలల మీద సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్, అంటే తనంతట తానే పరుచుకునే రకం. ఇది సమతలంగా ఉన్న చోటికే, నిలువు అంచు మీద పెడితే కారిపోతుంది, అక్కడికి జారని రకం వేరే ఉంటుంది.

చలికోటు:
వాన లేని చలి పొద్దుల్లో కూడా తడి కనిపిస్తోందా? అయితే అది లీకు కాకపోవచ్చు, లోపలి ఆవిరి చల్లటి సీలింగ్‌కి తగిలి నీరవుతుంది. నేను అది తెలియక రెండుసార్లు వెంట్ విప్పాను :)

ఇరుసుబండి:
వాన పడితేనే కారుతోంది, కాబట్టి లీకే. నిన్న గొట్టం పరీక్ష చేశాం. కిటికీలకి ఏమీ కాలేదు, వెంట్ దగ్గర కూడా పావుగంట పోశాను, ఒక్క చుక్క పడలేదు! రూఫ్, ముందు గోడ కలిసే చోట అల్యూమినియం పట్టీ మీద పోస్తే ఐదారు నిమిషాలకే లోపలి నుంచి మా ఆవిడ అరిచింది. దగ్గరగా చూస్తే పాత సీలెంట్‌లో వెంట్రుకంత పగులు, పట్టీకున్న మూడు స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి, ఒకటి తిప్పితే తిరుగుతూనే ఉంది గానీ బిగుసుకోవడం లేదు. పైన టేప్ వేసి మూసేయొచ్చా?

పాతస్క్రూ:
స్క్రూ ఉత్తినే తిరుగుతోందంటే కింద చెక్క పుచ్చిపోయినట్టే, టేప్ వేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. పట్టీ విప్పి రబ్బరు మెల్లగా పైకి లేపండి, స్క్రూడ్రైవర్ మొనతో చెక్కని పొడుస్తూ పోండి. ఎక్కడ గట్టిగా తగిలితే అక్కడిదాకా మెత్తటిదంతా కోసి, పూర్తిగా ఆరనిచ్చి, అదే మందం ప్లైవుడ్ వేయండి. ఆరడానికి నాకు ఫ్యాన్ పెట్టినా వారం పట్టింది. ఆ తర్వాత పట్టీ కింద కొత్త బ్యుటైల్, స్టెయిన్‌లెస్ స్క్రూలు, పైన సీలెంట్. పైకెక్కినప్పుడు అడుగు నేరుగా వేయకుండా వెడల్పాటి పలక పరుచుకోండి, పుచ్చిన చోట కాలు దిగబడుతుంది.

ఇరుసుబండి:
సరే, శనివారం పట్టీ విప్పుతున్నా. అప్పటిదాకా టార్పాలిన్ కప్పి, దిండు కాళ్ళ వైపుకి మార్చేశాం.