పత్తి పక్కనే ఉన్నా విదేశీ పెట్టుబడి ఎందుకు క్యూ కట్టదు?

గీసుగొండ రోడ్డు:
వరంగల్‌లో ఎనుమాముల పత్తి మార్కెట్ యార్డు మాకు పక్కనే ఉంది. ఇక్కడి మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన అయింది. అయినా ఎప్పుడూ యంగ్‌వన్, కైటెక్స్ అనే రెండు బట్టల కంపెనీల పేర్లే వినపడతయి. ఇంత పత్తి ఉండి బయటి దేశపోళ్లు ఎగబడకపోవడానికి కారణం ఏంది? డిగ్రీ పిల్లలకు చెప్పేటట్టు రాయండి సార్లూ.

మరమగ్గం:
ముందు ఒక సవరణ. కైటెక్స్ కేరళ కంపెనీ, దాని పెట్టుబడి ఎఫ్‌డీఐ (నేరుగా వచ్చే విదేశీ పెట్టుబడి) కాదు. యంగ్‌వన్ కొరియాది, అది ఎఫ్‌డీఐ. కానీ వాళ్లు కుట్టేది ఎక్కువగా చలి జాకెట్లు, అంటే పాలిస్టర్, నైలాన్. వాటికి ఎనుమాముల పత్తితో పనేముంది?

పత్తికీ చొక్కాకూ నడుమ జిన్నింగ్ (గింజ తీయడం), స్పిన్నింగ్ (నూలు వడకడం), నేత, అద్దకం ఉన్నయి. చిక్కంతా అద్దకం దగ్గరే. కిలో బట్టకు వంద లీటర్లు అటూ ఇటుగా నీళ్లు పడతయి. ఆ రంగునీళ్లు శుద్ధిచేసే ప్లాంటు లేకుంటే కొనే బ్రాండ్ ఆడిట్‌లోనే పక్కన పెడుతది. పైగా మనకు ఓడరేవు లేదు, కంటైనర్ చెన్నై లాంటి రేవుకు పోవాలె. ఐరోపాలో బంగ్లాదేశ్ బట్టకు సుంకం లేదనే ఇన్నేళ్లూ ఆర్డర్లు అటు పోయినయి.

కాజీపేట జంక్షన్:
పన్ను సంగతి మర్చిపోవద్దన్నా. 2019లో కొత్త తయారీ కంపెనీలకు 15 శాతం పన్ను పెట్టిన్రు, కానీ 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలైతేనే. స్థలం, షెడ్డు, మెషిన్లకే రెండేండ్లు పట్టినోళ్లకు ఆ రేటు చేజారింది. ఆ గడువు దాటిపోయింది కాబట్టి ఇప్పుడు వచ్చేటోళ్లు 22 శాతంతో సర్దుకోవాలె. 2012లో పాత లావాదేవీల మీద పన్ను వేసే చట్టం తెచ్చి 2021లో తీసేసిన్రు. ఇన్వెస్టర్ ఇట్లాంటివి మర్చిపోడు. టీఎస్‌ఐపాస్‌లో, అంటే పరిశ్రమలకు రాష్ట్ర సర్కారు పెట్టిన అనుమతుల విధానంలో, మెగా ప్రాజెక్టుకు 15 రోజుల్లో అనుమతి అన్నరు, మంచిదే. అనుమతి కాగితం వేరు, కరెంటు లైన్ వేరు.

ఫెమా లెక్కలు:
బయటి దేశం నుంచి డబ్బు వచ్చినంక ఫెమా (విదేశీ మారకం చట్టం) కింద జరిగే తప్పులు ఇంకో రకం. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలె, లేకుంటే తర్వాతి 15 రోజుల్లో వాపసు. కేటాయించిన 30 రోజుల్లో ఆర్‌బీఐ ఫిర్మ్స్ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ (షేర్లు ఇచ్చినట్టు తెలిపే ఫారం) వేయాలె. పంపినవాళ్ల పేరు, షేర్లు తీసుకున్నవాళ్ల పేరు కలవకపోతే ఫారం అక్కడే ఆగొచ్చు. ఆలస్యమైతే ఫీజు.

గీసుగొండ రోడ్డు:
మాతృసంస్థ అప్పుగా పంపితే?

ఫెమా లెక్కలు:
అది ఎఫ్‌డీఐ కాదు, ఈసీబీ, అంటే విదేశీ అప్పు. రూల్స్ వేరే. తప్పనిసరిగా షేర్లుగా మారే డిబెంచర్లు (అప్పు పత్రాలు) అయితేనే ఎఫ్‌డీఐ కిందికి వస్తది.