మందులో ఏముందో చెప్పని వైద్యుడు: మామగారి విషయంలో సలహా కావాలి

పెరంబూరు కోడలు:
నమస్తే అండీ. మాది నెల్లూరు, ఇప్పుడు చెన్నైలో ఉంటున్నాం. మామగారికి కీళ్ళవాతం, షుగర్ కూడా ఉంది. ఇక్కడే ఒక వైద్యుడు ఇచ్చే పొడి కొన్ని నెలలుగా వాడుతున్నారు. మొదటి వారంలోనే నొప్పి పోయింది. కానీ ఈ మధ్య ముఖం ఉబ్బింది, షుగర్ అదుపులో ఉండటం లేదు. పొట్లం మీద పేరు లేదు. ఏం మందని అడిగితే "మా వంశ రహస్యం, నమ్మకం ఉంటేనే వాడండి" అన్నారు. ఇంట్లో అందరూ నేను అడగడమే తప్పన్నట్టు చూస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

తాంబరం సిద్ధ విద్యార్థి:
అక్కా, అడగడం మీ హక్కు. కానీ ఆ పొడి మీ అంతట మీరు ఆపేయకండి. నొప్పి అంత త్వరగా పోయి, ముఖం ఉబ్బి, షుగర్ పెరిగిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. పొట్లాలు తీసుకుని ఈ రోజే ఫిజీషియన్ దగ్గరకు వెళ్ళండి.

రాయపురం మనవడు:
మా తాతగారు నాటు వైద్యులు. ఆయన కూడా యోగం, అంటే మందులో ఏమేం కలుపుతారో, బయటపెట్టేవారు కాదు. చెబితే రేపు ఎవరో డబ్బాల్లో పోసి అమ్ముకుంటారని భయం, అది నిజం కూడా. అందరినీ ఒకే గాటన కట్టకండి.

మాంబళం వైద్యురాలు:
రాయపురం మనవడు గారూ, మీ తాతగారి భయం నాకు అర్థమవుతుంది. ఎన్ని పుటాలు పెట్టారో (ఎన్నిసార్లు కాల్చి భస్మం చేశారో), ఏ రసంతో నూరారో ఆయన దాచుకోవచ్చు. కానీ అందులో పాదరసం ఉందా, ఏ మూలికలున్నాయి, షుగర్ మాత్రతో కలిపి వేసుకోవచ్చా అన్నది రోగికి చెప్పి తీరాలి. పేరు, రూపం, గుణం తెలియని మందు విషంతో, నిప్పుతో సమానమని చరక సంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1940 నాటి ఔషధ చట్టం ప్రకారం ఆయుర్వేద, సిద్ధ (తమిళనాడు సంప్రదాయ వైద్యం) మందుల తయారీకి లైసెన్సు కావాలి. షెడ్యూల్ ఇ(1) అనే జాబితాలోని విషద్రవ్యాలుంటే, వైద్య పర్యవేక్షణలోనే వాడాలని డబ్బా మీద హెచ్చరిక వేయాలి. కానీ తన రోగుల కోసం తానే మందు చేసుకునే వైద్యుడికి లైసెన్సు అక్కర్లేదు. అంటే ఆ పొట్లాన్ని ముందుగా తనిఖీ చేసేవాళ్ళు ఉండరు. చట్టం మన వైద్యుల మాట నమ్మి వదిలేసిన చోట రోగికి దాపరికం చూపిస్తే నాకు చాలా కోపం వస్తుంది. నేను ప్రతి మందుకూ పేరు, మోతాదు చీటీ మీద రాసిస్తాను.

వేళచ్చేరి రమణి:
మా అమ్మ రొమ్ములో గడ్డకు లేహ్యం అడగడానికి వెళ్తే, ఒక సిద్ధ డాక్టరు నాడి చూసి, "ముందు బయాప్సీ చేయించండమ్మా, తర్వాతే నా దగ్గరకు రండి" అని పంపేశారు. మందు అమ్ముకోవచ్చు, అమ్ముకోలేదు. ఆయనకు రుణపడి ఉంటాం.

మాంబళం వైద్యురాలు:
అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. క్యాన్సర్‌నీ షుగర్‌నీ నయం చేస్తామని ప్రకటన వేయడం మందుల తప్పుడు ప్రకటనలపై వచ్చిన 1954 చట్టం ప్రకారమే నేరం. బోర్డు మీద ఆ మాట కనిపిస్తే లోపలికి వెళ్ళకండి.

పెరంబూరు కోడలు:
వెళ్ళొచ్చామండీ. డాక్టరు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోను) పరీక్ష రాశారు, స్టెరాయిడ్ అని తేలితే మెల్లమెల్లగా తగ్గిస్తామన్నారు. మా ఆయన మళ్ళీ వైద్యుడి దగ్గరకు వెళ్ళి రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు, చెప్పలేదు. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

తాంబరం సిద్ధ విద్యార్థి:
అరుంబాక్కంలో భారతీయ వైద్య, హోమియోపతి సంచాలక కార్యాలయం ఉంది, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వండి. పొడి మొత్తం ఇచ్చేయకుండా కొన్ని పొట్లాలు విప్పకుండా మీ దగ్గరే ఉంచుకోండి.