అప్‌డేట్: కాంటెసా 32 చూసొచ్చాం, తీసుకుంటున్నాం

సౌతాంప్టన్‌లో ఉంటున్న మేము పాత కాంటెసా 32 సెయిల్ బోట్ కొనాలా, లోపల విశాలంగా ఉండే కొత్త రకం చూసుకోవాలా అని ఇదివరకు అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. చివరికి కాంటెసాకే ఓటేశాం.

లోపల ఇరుకన్న మాట నిజమే. పొడవు 32 అడుగులు, వెడల్పు తొమ్మిదిన్నరే. నలుగురం పడుకుంటే సామాన్లకు చోటు వెతుక్కోవాలి. కానీ మా ఆవిడకు అలలంటే ఉన్న టెన్షన్‌కి ఈ డిజైనే సరైన జవాబు. బోటు మొత్తం బరువు సుమారు 4.3 టన్నులైతే, అందులో రెండు టన్నులు అడుగున నీటిలోకి దిగి ఉండే కీల్ అనే బరువైన భాగంలోనే ఉంటాయి. అందుకే గాలికి బాగా ఒరిగినా మళ్లీ లేచి నిలబడుతుంది. 1979లో ఫాస్ట్‌నెట్ అనే సెయిల్ బోట్ల సముద్ర రేసులో వచ్చిన తుఫానులో అన్నిటికన్నా చిన్న బోట్ల తరగతిలో రేసు పూర్తి చేసింది అసెంట్ అనే ఒక్క బోటు మాత్రమే. అదీ కాంటెసా 32యే! ఇది చదివాక మా ఇంట్లో చర్చ ముగిసింది.

ఫైబర్‌గ్లాస్ లోపల నీరు దిగి ఉంటుందేమో చూడమని చాలామంది చెప్పారు, మంచి మాట. బోటును తనిఖీ చేసే సర్వేయర్ ప్లాస్టిక్ సుత్తితో డెక్కంతా జానెడు జానెడుకీ కొట్టి చూశారు. అంతటా టక్ టక్‌మని గట్టిగా పలికింది. రెయిలింగ్ కంబం ఒకదాని మొదట్లో మాత్రం మొద్దుగా వినిపించింది. బోల్టు రంధ్రంలోంచి నీళ్లు దిగి, రెండు పొరల మధ్య చెక్క నానిపోయిందట. అరచేయంత జాగానే కాబట్టి అంతవరకు కోసి కొత్త చెక్క పెట్టి, ఎపాక్సీ అనే గట్టి జిగురు వేస్తే సరిపోతుందన్నారు. ఆ మేరకు ధర తగ్గింది.

మాస్ట్‌ని (తెరచాప కంబాన్ని) పట్టి ఉంచే స్టీలు తీగలు ఎప్పుడు మార్చారో కాగితాలు లేవు. అవి కొత్తవి వేయించాకే నీళ్లలోకి దింపుతాం.