సిల్వర్టన్‌కి ఒక్క రోజు: రైల్లో వెళ్లాలా, కార్లోనా?

రాకీ_తెలుగు:
జూలైలో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. కొలరాడోలో డురాంగో దాకా వెళ్లి, అక్కణ్ణించి ఒక రోజు సిల్వర్టన్ అనే పాత గనుల ఊరు చూపించాలని ఉంది. డురాంగో నుంచి అక్కడికి వెళ్లే ఆవిరి రైలెక్కకపోతే వెళ్లనట్టే అని ఒక ఫ్రెండ్, రైలెక్కితే రోజంతా కూర్చోవడమే అని ఇంకో ఫ్రెండ్. నాన్నగారికి బీపీ ఉంది. మీరేమంటారు?

పట్టాలపిచ్చి:
రైలేనండీ, రెండో మాట లేదు. 1882లో సిల్వర్టన్ చేరిన నారోగేజ్ లైను అది, అంటే పట్టాల మధ్య దూరం మూడడుగులే. కొండ మీద తవ్విన వెండి, బంగారం ఖనిజాన్ని కిందికి దించడానికే వేశారు. 45 మైళ్లు, చాలావరకు అనిమస్ నది పక్కనే. కొండ అంచుని తొలిచి వేసిన పట్టాల మీద బండి నెమ్మదిగా పాకుతుంటే, కింద లోయలో నది కనిపిస్తుంది. ఆ లోయలో కారు రోడ్డే లేదు. మీ నాన్నగారికి డ్రైవింగ్ టెన్షన్ ఉండదు, మీకూ ఉండదు.

కొండదారి:
ఆయన చెప్పిన లోయ నిజంగానే అందంగా ఉంటుంది. కానీ అడిగింది సిల్వర్టన్ గురించి. పోను మూడున్నర గంటలు, రాను మూడున్నర గంటలు, మధ్యలో ఊళ్లో దొరికేది సుమారు రెండు గంటలు. గ్రీన్ స్ట్రీట్‌లో భోజనం, బ్లెయిర్ స్ట్రీట్‌లో నాలుగు ఫొటోలు, ఈలోపు బండి కూత వేస్తుంది. గనుల ఊరికి వెళ్లి గని చూడకుండా వస్తారన్నమాట.

కార్లో అయితే డురాంగో నుంచి గంటన్నర లోపే. ఊరు దాటి నాలుగైదు మైళ్లు వెళ్తే ఓల్డ్ హండ్రెడ్ గని. హెల్మెట్, రెయిన్ కోటు ఇచ్చి, చిన్న మైన్ రైల్లో కొండ లోపలికి తీసుకెళ్తారు. బయట మండు వేసవైనా లోపల 9 డిగ్రీలే, పైనుంచి నీళ్లు కారుతుంటాయి. గైడ్ గాలితో నడిచే డ్రిల్ ఆన్ చేసి చూపిస్తాడు. కొన్ని క్షణాలకే చెవులు మూసుకుంటాం. గని కార్మికులు ఆ మోతలో షిఫ్టంతా పనిచేశారు. నీళ్లు వాడని పాత డ్రిల్లుల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఎంతోమంది చిన్న వయసులోనే పోయారు. మా పిల్లలకి ఆ ఊరేమిటో అక్కడే అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు మేఫ్లవర్ మిల్లు దగ్గర ఆగండి. 1930 నుంచి 1991 దాకా, మధ్యలో కొన్నాళ్లు ఆగినా, ఖనిజం పొడిచేసి లోహం వేరుచేసిన మిల్లు. లోయ మీదుగా ఖనిజం మోసిన బకెట్ల తీగ తాలూకు టవర్లు ఇంకా నిలబడే ఉన్నాయి.

లోయగాలి:
నేను రైలు వద్దంటాను, కారణం వేరు. 2018లో 54,000 ఎకరాల అడవిని కాల్చిన ‘416 ఫైర్’ అనే కార్చిచ్చు ఆ రైలు ఇంజన్ నిప్పురవ్వ వల్లే అని ఫెడరల్ దర్యాప్తు తేల్చింది. 2022లో రైలు కంపెనీ మీద ప్రభుత్వం వేసిన కేసు 2 కోట్ల డాలర్లకు సెటిల్ అయింది.

పట్టాలపిచ్చి:
నిజమే, కానీ మిగతాది కూడా చెప్పాలి కదండీ. ఆ తర్వాత ఇంజన్లను బొగ్గు నుంచి చమురుకి మారుస్తూ వచ్చారు. ఇంకో మాట. 1991లో అక్కడి చివరి పెద్ద గని సన్నీసైడ్ మూతపడ్డాక ఆ ఊరు బతికేది టూరిస్టుల మీదే. వేసవిలో రోజూ జనాన్ని దింపేది ఈ బండే. రైలు మానేయమంటే ఊరి పొట్ట కొట్టమన్నట్టే.

కొండదారి:
రెండు గంటలుండి పోయేవాడి కంటే రోజంతా తిరిగి, సాయంత్రం కూడా అక్కడే తినేవాడి వల్లే ఊరికి ఎక్కువ మేలు. కారుంటే సిమెంట్ క్రీక్ అనే వాగు కూడా చూడొచ్చు. రాళ్లు తుప్పు రంగులో ఉంటాయి. 2015 ఆగస్టు 5న అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ (EPA) పనివాళ్లు గోల్డ్ కింగ్ గని దగ్గర తవ్వుతుంటే, లోపల నిలిచిన 30 లక్షల గ్యాలన్ల మురికినీరు ఈ వాగులోంచే అనిమస్‌లోకి పోయి నది నారింజ రంగుకి తిరిగింది. వెండి తీసుకుని వెళ్లిపోయినవాళ్లు వదిలేసింది ఇదీ. అందమైన భవనాలు మాత్రమే చూపిస్తే అమ్మానాన్నలకి సగం కథే చెప్పినట్టు.

అత్తమ్మతో_ట్రిప్:
మీ వాదన బాగుంది గానీ బీపీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు! సిల్వర్టన్ 9,318 అడుగులు, తిరుమల కొండకి దాదాపు మూడింతలు. డాక్టర్ని అడగండి, ముందు రోజు డురాంగోలో రెస్ట్ తీసుకోండి. అక్కడికెళ్లాక నీళ్లు బాగా తాగించండి, ఏటవాలు నడకలు వద్దు.

పట్టాలపిచ్చి:
వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అనే టికెట్ కూడా ఉంటుంది. మూడున్నర గంటల బదులు గంటన్నరలో దిగిపోతారు.

కొండదారి:
పెద్దవాళ్లు అంతసేపు కూర్చోగలిగితే దానికి నేనూ ఒప్పుకుంటాను, కానీ గనికి వెళ్లడానికి బండి ఏర్పాటు ముందే చూసుకోవాలి. రోడ్డంటే భయపడేవాళ్లకి ఒక మాట. రెయిలింగ్ లేని లోయ అంచు రోడ్డు ఎక్కువగా సిల్వర్టన్ దాటాక, ‘ఊరే’ (Ouray) అనే పట్టణం వైపు ఉంది. డురాంగో నుంచి వచ్చే దారి అంత భయపెట్టదు. జూలైలో మధ్యాహ్నం ఉరుములు మామూలే కాబట్టి పొద్దున ఏడింటికల్లా బయల్దేరి, గని, మిల్లు ముందు చూసేసి భోజనానికి ఊళ్లోకి రండి.